కాల్వీనోను ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ఇటలీ నవలాకారుడు ఇతాలో కాల్వీనో పేరు ఎక్కడో విని, ఏదైనా ఒకటి చదువుదామనుకున్నవాళ్ళ చేతికి మామూలుగా రెండు పుస్తకాల్లో ఒకటి వస్తుంది. ‘ఇన్‌విజిబుల్ సిటీస్’, లేదంటే ‘ఇఫ్ ఆన్ ఎ వింటర్స్ నైట్ ఎ ట్రావెలర్’. ఎవరిని అడిగినా ముందు ఈ పేర్లే చెబుతారు. రెండూ గొప్ప పుస్తకాలే, అందులో నాకు అనుమానం లేదు. కానీ తొలి పరిచయానికి మాత్రం ఆ రెండిట్లో ఏదీ వద్దని చెబుతాను.

నేను కూడా నగరాల పుస్తకంతోనే మొదలుపెట్టాను. ఒక స్నేహితుడు చదివి తీరాలని చేతిలో పెట్టాడు. పదిహేను పేజీలు చదివాను. కథ ఎప్పుడు మొదలవుతుందా అని చూశాను, మొదలవలేదు. పక్కన పెట్టేశాను. రెండేళ్ళ తర్వాత సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్తూ రైల్లో ‘ద బారన్ ఇన్ ద ట్రీస్’ తెరిచాను. రాజమండ్రి దగ్గర గోదావరి బ్రిడ్జి దాటుతున్నప్పుడు కూడా తల ఎత్తలేదు. ఇంటికి తిరిగొచ్చాక పాత నగరాల పుస్తకం మళ్ళీ తీశాను. ఈసారి రోజుకు రెండు మూడు పేజీలే చదివాను, అయిపోతుందేమోనని.

అందుకే ఎవరైనా ‘కాల్వీనో చదివాను, నాకు ఎక్కలేదు’ అంటే ముందు ఏది చదివారో అడుగుతాను. మొదటి నవల వచ్చిన 1947 నుంచి చనిపోయిన 1985 వరకు ఆయన ఒక చోట కుదురుగా ఉండలేదు. యుద్ధం కథ రాశాడు, జానపద కథలు ఏరి కూర్చాడు, చెట్లెక్కిన కుర్రాడి కథ రాశాడు, కూలివాడి కథ రాశాడు, సైన్సులోంచి కథలు పుట్టించాడు. చివరికి చదివే మనిషినే హీరోగా పెట్టి నవల రాశాడు. ఇందులో ఒకటి నచ్చనంత మాత్రాన ఇంకోటి నచ్చకపోదు.

ముందు మనిషి గురించి

కాల్వీనో పుట్టింది ఇటలీలో కాదు. 1923 అక్టోబర్ 15న, క్యూబాలో, హవానా దగ్గరున్న సాంతియాగో దె లాస్ వేగాస్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి మారియో వ్యవసాయ శాస్త్రవేత్త, తల్లి ఎవా మామేలి వృక్షశాస్త్రవేత్త. పరాయి దేశంలో పుట్టిన బిడ్డ సొంత గడ్డను మరచిపోకూడదని తల్లి ‘ఇతాలో’ అని పేరు పెట్టింది. తీరా రెండేళ్ళకే కుటుంబం ఇటలీకి తిరిగొచ్చి, వాయవ్య తీరంలోని సాన్‌రెమోలో స్థిరపడింది. ఇంట్లో పూల మొక్కల ప్రయోగశాల, చుట్టూ తోట, అక్కడివాళ్ళు అప్పటిదాకా ఎరగని అవకాడో, గ్రేప్‌ఫ్రూట్ లాంటి చెట్లు. ఆ ఇంట్లో అందరూ సైన్సు మనుషులే. తమ్ముడు ఫ్లోరియానో కూడా భూగర్భశాస్త్రమే చదివాడు. కథలూ నవలలూ అంటూ పక్కదారి పట్టింది ఈయన ఒక్కడే. తండ్రి మాట మీద ముందు వ్యవసాయ కోర్సులోనే చేరాడు కూడా.

యుద్ధం అన్నిటినీ తలకిందులు చేసింది. 1944లో, ఇరవై ఏళ్ళ వయసులో, తమ్ముడితో కలిసి కొండల్లోకి వెళ్ళి నాజీలకూ ఫాసిస్టులకూ వ్యతిరేకంగా పోరాడుతున్న గెరిల్లా దళంలో చేరాడు. దళంలో ఆయన మారుపేరు సాంతియాగో, పుట్టిన ఊరి పేరే. కొడుకులు దొరక్కపోయేసరికి తల్లిదండ్రులను బందీలుగా పట్టుకున్నారు. తల్లి చూస్తుండగా మూడుసార్లు తండ్రిని కాల్చేస్తున్నట్టు నటించారు. ఆమె బెదరలేదు. ఆ ధైర్యం గురించి కాల్వీనో తర్వాత ఎంతో గౌరవంగా రాసుకున్నాడు.

యుద్ధం తర్వాత వ్యవసాయం వదిలేసి, తూరిన్‌లో సాహిత్యం చదివి, ఎయినావుది అనే ప్రచురణ సంస్థలో చేరాడు. జీవితంలో ఎక్కువ భాగం ఆ సంస్థతోనే గడిచింది. అక్కడ రచయిత చెజారె పావెసె ఆయనకు పెద్దన్న లాంటివాడు. తొలి నవలను సమీక్షిస్తూ పావెసె ఈ కుర్రాణ్ణి ‘కలం ఉడుత’ అన్నాడు. చెట్టు మీద ఉడుత ఎలా గెంతుతుందో ఈయన వాక్యం అలా గెంతుతుందని. పదేళ్ళ తర్వాత వచ్చే చెట్ల నవలను పావెసె చూడలేదు, 1950లోనే ఆత్మహత్య చేసుకున్నాడు. చూసి ఉంటే ఎంత సంబరపడేవాడో అనిపిస్తుంది నాకు.

నా మొదటి ఓటు: చెట్ల మీది దొర

‘ద బారన్ ఇన్ ద ట్రీస్’ 1957లో వచ్చింది. కథ ఒక్క మాటలో చెప్పొచ్చు. పన్నెండేళ్ళ జమీందారు కొడుకు భోజనం దగ్గర అలిగి చెట్టెక్కుతాడు, ఇక దిగడు. బతికినన్నాళ్ళూ దిగడు.

రోజు 1767 జూన్ 15. భోజనాల గది కిటికీ నిండా పెద్ద సింధూర చెట్టు కొమ్మలు. బల్ల మీద నత్తల వంటకం, వండింది అక్క బాత్తిస్తా. వింత వింత జీవాలను పట్టుకొచ్చి వండటంలో ఆమెకు అదో ఆనందం. అంతకుముందే కోసిమో, తమ్ముడు బియాజో కలిసి నత్తల పీపాకు కన్నం పెట్టి, వాటిని పారిపోనిద్దామని చూసి దొరికిపోయి శిక్ష అనుభవించారు. శిక్ష పూర్తయి బల్ల దగ్గరికి వస్తే మళ్ళీ అవే నత్తలు. కోసిమో ప్లేటు పక్కకు నెట్టి చెట్టెక్కేశాడు. దిగాక నీ సంగతి చూస్తానన్నాడు తండ్రి. దిగనే దిగనన్నాడు కొడుకు.

పిల్లల అలక చూడనివాళ్ళం ఎవరం? సాయంత్రానికి ఆకలేసి దిగొస్తారు. ఈ నవలంతా ఆ సాయంత్రం రాకపోతే ఏమవుతుందన్నదే. ఎక్కడ పడుకుంటాడు, స్నానం ఎలా, చదువు ఎలా, ప్రేమ ఎలా? ఒక్కో ప్రశ్నకూ కాల్వీనో ఇంజనీరులా జవాబు చెబుతాడు. ఏ చెట్టు కొమ్మ బరువు మోస్తుంది, ఏది విరుగుతుంది, ఆలివ్ మీద నడవడానికీ అత్తి చెట్టు మీద నడవడానికీ తేడా ఏమిటి అన్నీ చెబుతాడు. మొక్కల మధ్య పుట్టి పెరిగిన మనిషి రాశాడని ప్రతి పేజీలో తెలుస్తుంది. పైకెక్కిన కోసిమో కింది మనుషులకు దూరం కాడు. వాళ్ళ పండ్ల చెట్ల కొమ్మలు కత్తిరించి పెడతాడు. అడవికి నిప్పంటుకుంటే ఊరినంతా కూడగట్టి ఆర్పిస్తాడు.

నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది జాన్ దెయి బ్రూగి అనే బందిపోటు. ఆ చుట్టుపక్కల పేరు చెబితేనే జనం వణికే దొంగ. కోసిమో దగ్గర నవలలు చదవడం అలవాటవుతుంది అతనికి. అలవాటు కాస్తా పిచ్చిగా మారుతుంది. దొంగతనాలు మానేస్తాడు, పుస్తకం పట్టుకుని గుహలో పడి ఉంటాడు. పాత అనుచరులు వచ్చి బలవంతాన ఒక పనికి పంపితే సరిగ్గా చేయలేక దొరికిపోతాడు. జైల్లో ఉంటే కోసిమో రోజూ కిటికీ పక్క చెట్టెక్కి నవల చదివి వినిపిస్తాడు. ఉరి తీసే రోజుకు నవల పూర్తి కాలేదు. ఉరితాడు మెడకు పడ్డాక, ఆ నవల చివరికి ఏమైందో చెప్పమంటాడు బందిపోటు. హీరోను ఉరి తీశారని చెప్పడానికి కోసిమోకు మనసొప్పదు, కానీ చెబుతాడు. నాకూ అంతేగా, సంతోషం అంటాడు అతను. పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఈ ఒక్క ఘట్టం కోసమైనా ఈ నవల చదవాలి.

ఈ నవల వెనక ఇంకో కథ ఉంది. యుద్ధకాలం నుంచీ కాల్వీనో కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1956 చివర్లో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వెళ్ళి హంగరీ తిరుగుబాటును అణిచివేశాయి. ఆ చలికాలంలోనే ఈ నవల రాశాడు. 1957 వేసవిలో పార్టీకి రాజీనామా చేశాడు. నవల్లో ఒకచోట బియాజో పారిస్‌లో ఫ్రెంచి తాత్వికుడు వోల్తేర్‌ను కలిసినప్పుడు, మీ అన్న చెట్ల మీద ఎందుకుంటాడని వోల్తేర్ అడుగుతాడు. నేలను సరిగ్గా చూడాలంటే తగినంత దూరంలో ఉండాలని మా అన్న అంటాడని బియాజో జవాబిస్తాడు. మనుషులకు పనికొస్తూనే గుంపులో కలిసిపోకుండా ఉండటం ఎలా అన్న ప్రశ్న అప్పుడు కాల్వీనోది కూడా. ఆయన మిగతా పుస్తకాలన్నిట్లో నాకు ఆ ప్రశ్నే వినిపిస్తుంది. అందుకే దీన్ని మొదట పెట్టాను. తలుపు ఇక్కడుంది, మిగతా గదులన్నీ దీని వెనక ఉన్నాయి.

ఇంగ్లీషులో దీనికి రెండు అనువాదాలున్నాయి. ఆర్చిబాల్డ్ కాల్‌క్‌హూన్‌ది 1959 నాటిది, యాన్ గోల్డ్‌స్టైన్‌ది 2017లో వచ్చింది. పాతదే చదివాను నేను, హాయిగా సాగిపోయింది. ఏది దొరికితే అది తీసుకోండి, ఇక్కడ అనువాదం గురించి టెన్షన్ పడే పని లేదు. ఇటాలియన్ పేర్లంటారా, కోసిమో, బియాజో, వియోలా అన్నీ మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. తెలుగు నోటికి ఇంగ్లీషు పేర్లకంటే ఇవే తేలిక.

నవల చదివే తీరిక లేకపోతే: మార్కోవాల్దో

రోజూ బస్సులోనో మెట్రోలోనో అరగంట దొరుకుతుంది, అంతకుమించి కుదరదు అనేవాళ్ళకు చెట్ల నవల కాదు, ‘మార్కోవాల్దో’ ఇస్తాను. 1963లో వచ్చిన ఈ పుస్తకంలో 20 చిన్న కథలు. వసంతం, వేసవి, శరత్తు, శీతాకాలం, మళ్ళీ వసంతం, ఇలా ఋతుచక్రం అయిదుసార్లు తిరుగుతుంది. ఎడిషన్‌ను బట్టి 120 పేజీలకు అటూ ఇటూ ఉంటుంది.

మార్కోవాల్దో ఉత్తర ఇటలీలో పేరు చెప్పని ఒక పారిశ్రామిక నగరంలో కూలి. పెళ్ళాం దొమితిల్లా, బోలెడు పిల్లలు, తీరని అప్పులు. సైన్‌బోర్డులు, ట్రాఫిక్ లైట్లు, షాపుల అద్దాలు అతని కంటికి ఆనవు. కొమ్మ మీద పండిన ఆకు, పెంకు మీద చిక్కిన ఈక మాత్రం వెంటనే కనబడతాయి. పల్లె నుంచి పట్నానికి పనికొచ్చినవాళ్ళు మన ఇళ్ళలో ఎవరో ఒకరు ఉంటారు. ఈ చూపు ఎలాంటిదో వాళ్ళకు చెప్పక్కర్లేదు.

మొదటి కథే చూడండి. ఒకరోజు ట్రామ్ కోసం నిలబడి, బూటు లేసు కట్టుకోవడానికి వంగుతాడు. చెట్టు మొదట్లో పుట్టగొడుగులు! ఇంకా చిన్నవి. వాన పడితే పెరుగుతాయి. ఇంటికెళ్ళి పెళ్ళాంపిల్లలకు చెబుతాడు, వేపుడు చేసుకుందామని అందరూ కలలు కంటారు. ఎక్కడున్నాయో మాత్రం చెప్పడు, పిల్లలు ఊరంతా చాటుతారని భయం. ఆ వీధి ఊడ్చే అమాదీజిని చూస్తే ఇంకా భయం. శనివారం రాత్రి వాన పడుతుంది. తెల్లారి బుట్ట పట్టుకుని పరిగెడితే అమాదీజి అక్కడే ఉంటాడు. అంతకంటే పెద్దవి ఇంకొంచెం ముందు ఉన్నాయని కూడా చెబుతాడు. కోపం పట్టలేక మార్కోవాల్దో ట్రామ్ కోసం నిలబడ్డ జనాన్నంతా పిలిచి, రండి, పుట్టగొడుగులు అందరికీ ఉన్నాయి అని అరుస్తాడు. అందరూ కోసుకుంటారు. అందరం కలిసి వండుకుందామా అని ఎవరో అంటారు గానీ ఎవరిదారిన వాళ్ళు ఇళ్ళకు పోతారు. ఆ సాయంత్రానికే అందరూ మళ్ళీ కలుసుకుంటారు, ఆస్పత్రి వార్డులో, కడుపు కడిగించుకుని. విషం ఎక్కువ కాకపోవడంతో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. మార్కోవాల్దో, అమాదీజి పక్కపక్క మంచాల మీద ఒకరినొకరు ఉరిమి చూసుకుంటూ ఉంటారు.

అయిదారు పేజీల కథ. పైకి నవ్వొస్తుంది, లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. సూపర్‌మార్కెట్ కథ కూడా అలాంటిదే. డబ్బుల్లేని కుటుంబం ఊరికే చూడటానికి వెళ్ళి, ఎవరికి వాళ్ళు రెండోవాళ్ళకు తెలియకుండా ట్రాలీలు నింపేస్తారు. తర్వాత ఆ సరుకుతో ఏం చేశారన్నది మీరే చదవండి. ఈ కథల్లో మొదటివి 1950ల మొదట్లో, పేదరికంలో ఉన్న ఇటలీలో రాశాడు. చివరివి రాసేనాటికి దేశంలో ఫ్యాక్టరీలు, కార్లు, షాపులు ఒక్కసారిగా పెరిగిపోయాయి. వరసగా చదివితే నగరం మారిపోవడం కనిపిస్తుంది, మార్కోవాల్దో జేబు మాత్రం మారదు.

ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే వాళ్ళకు చదివి వినిపించడానికి ఇదే పుస్తకం. ఇటలీలో కూడా మొదట పిల్లల పుస్తకంగానే, బొమ్మలతో అచ్చయింది.

చెట్ల నవలకూ దీనికీ మధ్య తేల్చుకోలేకపోతే ఒక్క సంగతి చూసుకోండి. ఒక మనిషి వెంట మొత్తం జీవితం నడవాలని ఉంటే ‘బారన్’. ఒక కథ చదివి మూసేసి, రేపు ఇంకోటి చదువుకోవాలని ఉంటే ‘మార్కోవాల్దో’. మనసు మటుకు రెండిట్లోనూ ఒకటే.

నగరాలా, శీతాకాలపు రాత్రా?

మొదటిది అయ్యాక రెండో పుస్తకంగా చాలామంది వెళ్ళేది ఈ రెండిటి దగ్గరికే. అప్పుడు వెళ్ళొచ్చు, వెళ్ళాలి కూడా. ఈ రెండూ ఆయన పారిస్ రోజుల పుస్తకాలు. 1964లో హవానాలో అర్జెంటీనాకు చెందిన అనువాదకురాలు ఎస్తెర్ సింగెర్‌ను పెళ్ళాడాడు, మరుసటేడు కూతురు జొవాన్నా పుట్టింది. 1967లో కుటుంబంతో పారిస్ చేరి 1980 దాకా అక్కడే ఉన్నాడు. అక్కడ గణితజ్ఞులూ రచయితలూ కలిసి నడిపే ఊలిపో అనే బృందంలో చేరాడు. ముందుగా ఒక కఠినమైన నియమం పెట్టుకుని, ఆ కట్టుబాటులోంచి కొత్తదనం రాబట్టడం వాళ్ళ పద్ధతి. ఛందస్సు కట్టుబాట్లలో కవిత్వం చెప్పే అవధానాలు చూసినవాళ్ళం కదా, ఆ సరదా మనకు కొత్త కాదు.

1972 నాటి ‘ఇన్‌విజిబుల్ సిటీస్’లో వెనీస్ వర్తకుడు మార్కో పోలో, చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్‌కు తాను చూసిన నగరాలను వర్ణిస్తుంటాడు. మొత్తం 55 నగరాలు, అన్నిటికీ ఆడవాళ్ళ పేర్లు. 11 రకాలు, రకానికి అయిదు. తొమ్మిది భాగాల్లో మొదటిదానికీ చివరిదానికీ పదేసి, మధ్యలో ఏడింటికీ అయిదేసి. ఎర్సీలియా అనే నగరంలో ఇంటికీ ఇంటికీ మధ్య తాళ్ళు కడతారు. చుట్టరికానికో రంగు, వ్యాపారానికో రంగు, అధికారానికో రంగు. తాళ్ళు అల్లుకుపోయి నడవడానికి దారి లేకపోతే జనం ఇళ్ళు ఊడదీసుకుని వెళ్ళిపోతారు, తాళ్ళు మాత్రం మిగులుతాయి. లియోనియాలో ప్రతి ఉదయం అన్నీ కొత్తవే వాడతారు, నిన్నటివన్నీ చెత్తకుప్పకు. ఊరు చుట్టూ చెత్త కొండలై పెరుగుతుంది. అది చదివాక పొద్దున్నే మా వీధిలోకి చెత్తబండి వచ్చిన ప్రతిసారీ లియోనియా గుర్తొస్తుంది నాకు. మధ్యలో ఒకచోట చక్రవర్తి, వెనీస్ గురించి ఎప్పుడూ చెప్పలేదేమని అడుగుతాడు. ఏ నగరం గురించి చెప్పినా వెనీస్ గురించే చెబుతున్నానంటాడు పోలో. ఊరొదిలి హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటున్నవాళ్ళకు ఆ మాట ఎక్కడ తగులుతుందో నేను చెప్పనక్కర్లేదు.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. దీన్ని నవలలా ఏకబిగిన చదవొద్దు. పద్యాల పుస్తకం చదివినట్టు రాత్రి పడుకునే ముందు మూడో నాలుగో నగరాలు, అంతే. ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళు, టౌన్ ప్లానింగ్‌లో పనిచేసేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే వాళ్ళకు మాత్రం మొదటి పుస్తకంగానే ఇవ్వొచ్చు. ఆ వృత్తులవాళ్ళు ప్రపంచమంతటా దీన్ని సొంతం చేసుకున్నారు. 2013లో సంగీతకర్త క్రిస్టఫర్ సెరోన్ దీన్ని ఒపేరాగా, అంటే పాటల నాటకంగా మలిస్తే, లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్‌లో, రైళ్ళకు వచ్చీపోయే జనం మధ్యే ఆడారు. ప్రేక్షకులు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్టేషనంతా తిరుగుతూ విన్నారు.

1979 నాటి ‘వింటర్స్ నైట్’ దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడ హీరో మీరే. మీరు కాల్వీనో కొత్త నవల కొన్నారు, కాళ్ళు చాపుకుని చదవడం మొదలుపెట్టారు. 32వ పేజీ తర్వాత మళ్ళీ 17వ పేజీ వచ్చింది, బైండింగ్‌లో పొరపాటు. షాపుకు వెళ్ళి మార్చుకుంటే చేతికొచ్చింది వేరే నవల. అదీ మధ్యలో ఆగింది. ఇలా పది నవలల మొదళ్ళు, పదీ పది శైలుల్లో. షాపులో మీలాగే మిగతా భాగం వెతుక్కుంటున్న లుద్మిల్లా అనే అమ్మాయి పరిచయమవుతుంది, ఆమె కోసమూ కథ కోసమూ పరిగెడతారు. అర్ధరాత్రి దాకా నవలలు చదివి, మంచి ఘట్టంలో కరెంటు పోతే ఉడికిపోయినవాళ్ళకు ఇది పండగ. ఏడాదికి ఒకటీ అరా చదివేవాళ్ళకు మాత్రం పదిసార్లు కథ తెగడం చిరాకు తెప్పిస్తుంది. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

నన్ను ఒకటే ఎంచుకోమంటే నగరాలే. ‘వింటర్స్ నైట్’ చదువుతున్నప్పుడు ఆయన తెలివికి ఆశ్చర్యపోతాను. నగరాలు చదివాక కిటికీ దగ్గర కాసేపు నిలబడతాను. రెండిటినీ ఇంగ్లీషులోకి తెచ్చింది విలియం వీవర్. ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో నవల ‘ద నేమ్ ఆఫ్ ద రోజ్’ను అనువదించింది కూడా ఆయనే. వీవర్ పేరున్న ప్రతిని కళ్ళు మూసుకుని కొనొచ్చు.

మిగతావి ఎవరికి?

సైన్సు చదివినవాళ్ళకు, ముఖ్యంగా ఇంటర్‌లో ఫిజిక్స్ ఇష్టంగా చదివి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పడిపోయినవాళ్ళకు, 1965 నాటి ‘కాస్మికామిక్స్’. ప్రతి కథ ముందూ ఒక శాస్త్రీయ సంగతి ఉంటుంది. దాని వెనకే ఒక ముసలాయన, నేనప్పుడు అక్కడే ఉన్నానంటూ మొదలుపెడతాడు. అతని పేరు నోటితో పలకడానికి వీల్లేని అక్షరాల గుంపు. చందమామ ఒకప్పుడు భూమికి బాగా దగ్గరగా ఉండేదట. అప్పుడు పడవలో వెళ్ళి, నిచ్చెన వేసి ఎక్కి, చెంచాలతో చందమామ పాలు తోడుకొచ్చేవాళ్ళమంటాడు. ఇంకో కథలో సృష్టికి ముందు అందరూ ఒకే బిందువులో ఇరుక్కుని ఉంటారు. అందులో తల్లిలాంటి ఒకావిడ, కాస్త చోటుంటే మీకు నూడుల్స్ చేసిపెట్టేదాన్ని కదర్రా అంటుంది. ఆ చోటు గురించి ఆలోచించగానే విశ్వం విచ్చుకుంటుంది. పిండి పిసికే చేతులకు చోటు, గోధుమ పొలాలకు చోటు, గోధుమ పండించే సూర్యుడికి చోటు. బిగ్ బ్యాంగ్‌ను అమ్మ వంటతో కలిపిన రచయిత ఇంకొకరు నాకు తెలియదు. మీలో లెక్కలంటే భయం ఉన్నా పర్వాలేదు, ఆ ఒక్క కథ చదవండి.

రాజులు, రాక్షసులు, ముగ్గురు అన్నదమ్ముల కథలు వింటూ పెరిగినవాళ్ళకు 1956 నాటి ‘ఇటాలియన్ ఫోక్‌టేల్స్’. ఇటలీ ప్రాంతాల మాండలికాల్లో ఉన్న పాత కథల్లోంచి 200 ఏరి, అందరికీ అర్థమయ్యే ఇటాలియన్‌లో తిరగరాశాడు. ఇంగ్లీషులో 700 పేజీలు దాటిన పుస్తకం. ఒకేసారి చదివేది కాదు, ఇంట్లో ఉంచుకునేది.

యుద్ధం గురించి తెలుసుకోవాలనుకుంటే తొలి నవల ‘ద పాత్ టు ద స్పైడర్స్ నెస్ట్స్’. పిన్ అనే పిల్లవాడు జర్మన్ నావికుడి పిస్తోలు దొంగిలించి, సాలీళ్ళు గూళ్ళు కట్టుకునే చోట దాచిపెడతాడు. దళంలో తాను స్వయంగా పోరాడి వచ్చి కూడా వీరగాథ రాయకుండా, పెద్దవాళ్ళెవరూ అర్థం కాని పిల్లవాడి కళ్ళతో రాశాడు. ఇటీవలి ముద్రణ దొరికితే కాల్వీనో 1964లో రాసిన ముందుమాట కూడా ఉంటుంది, అది నవలతో సమానం.

‘బారన్’ నచ్చితే దాని ముందూ వెనకా వచ్చిన రెండు చిన్న నవలలు ఎలాగూ వదలరు. ‘ద క్లోవెన్ వైకౌంట్’లో ఫిరంగి గుండుకు ఒక దొర నిలువునా రెండుగా చీలిపోతాడు. చెడ్డ సగం ఊరిని పీడిస్తుంది. ఆ తర్వాత మంచి సగం కూడా వస్తుంది, దాని మంచితనం కూడా జనానికి భారమే అవుతుంది. రెండోది ‘ద నాన్‌ఎగ్జిస్టెంట్ నైట్’, అందులో యోధుడి కవచం లోపల మనిషే ఉండడు. నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం.

‘మిస్టర్ పాలొమార్’ను, జోస్యం చెప్పే టారో కార్డులతో అల్లిన ‘ద కాజిల్ ఆఫ్ క్రాస్డ్ డెస్టినీస్’ను మాత్రం కొంతకాలం ఆపండి. అప్పటికే కాల్వీనో మీ మనిషి అయిపోయి ఉండాలి.

అసలు కాల్వీనోనే ఎందుకు?

ఇది కూడా అడగాల్సిన ప్రశ్నే. నవల చదివి కళ్ళు తుడుచుకోవాలనుకునేవాళ్ళకు కాల్వీనో కొంచెం దూరంగా అనిపిస్తాడు. పాత్రల గుండెల్లోకి దూరి కన్నీళ్ళు పెట్టించడం ఆయన పద్ధతి కాదు. మీరు వెతుకుతున్నది అదే అయితే ఎల్సా మొరాంతె రాసిన ‘హిస్టరీ’ తీసుకోండి. యుద్ధకాలపు రోమ్‌లో ఇదా అనే టీచరమ్మ, ఆమె చిన్న కొడుకు ఉసెప్పె. 1974లో వచ్చిన ఆ నవల గుండెను పిండేస్తుంది. పెద్ద కుటుంబం, పాత వైభవం, మారిపోతున్న కాలం కావాలంటే లాంపెదూసా రాసిన ‘ద లెపర్డ్’. 1860లో గరిబాల్డి సేన సిసిలీలో దిగినప్పటి కథ, రచయిత చనిపోయిన మరుసటేడు 1958లో అచ్చయింది. హత్యలు, పాత గ్రంథాలు, వాదోపవాదాలు ఇష్టమైతే ఎకో. ఈ ముగ్గురి దగ్గరా దొరకనిది కాల్వీనో దగ్గర ఉంది. బరువైన సంగతిని అరచేతిలో ఈకలా పట్టుకుని చూపిస్తాడు. బాధను దాచడు, దాని కింద మనల్ని నలిగిపోనివ్వడు. నాకు కష్టకాలంలో అలాంటి రచయితే అక్కరకొచ్చాడు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ తేలికదనం గురించి ఆయనే ఒక ఉపన్యాసం రాశాడు. 1985–86లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఇవ్వాల్సిన ఆరు ఉపన్యాసాల్లో మొదటిది అది. ‘సిక్స్ మెమోస్’ పేరుతో పుస్తకంగా దొరుకుతుంది. రాయాలనే కోరిక ఉన్నవాళ్ళు, కథలు రాస్తున్నవాళ్ళు ఇది కొనుక్కుని టేబుల్ మీద ఉంచుకోవాలి. వేరే పుస్తకాలు రెండు మూడు చదివాక తెరిస్తే చెప్పేదంతా ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. అయిదు ఉపన్యాసాలు పూర్తి చేశాడు. ఆరోదానికి పేరు మాత్రమే పెట్టుకున్నాడు, అమెరికా వెళ్ళాక రాద్దామని. 1985 సెప్టెంబర్ 6న తస్కనీ తీరంలోని ఇంట్లో మెదడులో రక్తస్రావమైంది. 19న సియెనా ఆస్పత్రిలో కన్నుమూశాడు. సముద్రం కనిపించే కాస్తిల్యోనె దెల్లా పెస్కాయా శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఆ పుస్తకం పేరులో ఆరు ఉంటాయి, లోపల అయిదే ఉంటాయి. కొన్నప్పుడు పేజీలు తక్కువ వచ్చాయేమో అని షాపుకు వెనక్కి తీసుకెళ్ళకండి.